ఆలస్యం అమృతం విషం
పేగుల శోథ వ్యాధుల విషయమై ఒక వృద్ధ వైద్యుని మనవి

సర్వరోగములకూ మందాగ్నియే మూలమని మా గురువుగారు తొలినాటి పాఠంలోనే మాకు నూరిపోసినారు. గోదావరి తీరాన ఒక పల్లెలో, ఆయన ఇంటి అరుగు మీద కూర్చుండి, మాధవ నిదానంలోని గ్రహణీ ప్రకరణం వల్లె వేసిన రోజులు నాకు నిన్నటివలె జ్ఞాపకమున్నవి. వల్లె వేయించుటతో ఆయన ఊరుకొనలేదు. రోగి మలమును నీటిలో వేయించి, మునిగినచో ఆమమనీ, తేలినచో పక్వమనీ గుర్తించడం దగ్గరుండి నేర్పినారు. ముక్కు మూసుకొన్న శిష్యుని చూచి, "మలం చూడలేనివాడు మందు ఇవ్వరాదురా" అనేవారు. ఆ మాట పూర్తి అర్థం నాకు బోధపడడానికి ఇరవై యేండ్లు పట్టినది. ఒక యువకుని పెద్దపేగు దానికి మూల్యమైనది. ఆ సంగతి దాచుకొనక చెప్పి, పేగుల శోథ వ్యాధులపై నేడు జరుగుచున్న పరిశోధనల గురించి నా అభిప్రాయమును పాఠకుల ముందుంచుట ఈ వ్యాసోద్దేశ్యము.

నా తప్పు

అది 2004వ సంవత్సరం. చేనేత కుటుంబానికి చెందిన ఇరవై రెండేండ్ల యువకుని, తండ్రి నా వద్దకు తీసుకొని వచ్చినాడు. రోజుకు ఏడెనిమిది మార్లు జిగటతో, నెత్తురుతో విరేచనాలు. అమీబా విరేచనాలని ఎవరో ఇచ్చిన మాత్రలు అప్పటికే రెండు విడతలు వాడియున్నారు. నేను నాడి చూచి, రక్తాతిసారమని నిర్ణయించి, కొడిశపాల చెక్క కషాయం, మారేడు లేతకాయ గుజ్జు, దానిమ్మకాయ పెచ్చు చూర్ణం ఇచ్చినాను. పథ్యంగా పాతబియ్యపు అన్నం, వెన్న తీసిన మజ్జిగ చెప్పినాను. మూడు వారాలలో నెత్తురు ఆగినది. తండ్రి అరటి గెల తెచ్చి నా గుమ్మం ముందు పెట్టినాడు. నేనూ గర్వించినాను.

రెండు నెలలకు వ్యాధి మరల వచ్చినది. పథ్యం తప్పినాడని కోప్పడినాను. మరల తగ్గినది, మరల వచ్చినది. ఈ విధముగా పదకొండు నెలలు గడచినవి. పిల్లవాడు చిక్కి సగమైనాడు. కనురెప్పల లోపల ఎరుపు లేదు.

"పెద్దాసుపత్రిలో గొట్టం వేసి చూస్తారంట. ఒకసారి పోయి రమ్మంటారా అయ్యగారూ?" అని తండ్రి ఒకనాడు భయభయంగా అడిగినాడు.

"గొట్టాలతో మనకేం పనయ్యా? నాడి చెబుతూనే ఉందిగా" అన్నాను.

ఆ తరువాత నెల తిరుగకుండానే పిల్లవాని పొట్ట ఉబ్బి, జ్వరం వచ్చి, స్పృహ తప్పు స్థితికి చేరినాడు. ఆసుపత్రిలో శస్త్రచికిత్స చేసి పెద్దపేగు మొత్తం తీసివేసినారు. పొట్టకు సంచి అమర్చినారు. నేను చూడబోయినప్పుడు తండ్రి నన్ను నిందింపలేదు. "మీరు వద్దన్నారని ఆగాం అయ్యగారూ" అని మాత్రం అన్నాడు. నిందించినచో నాకు కొంత తేలికగా ఉండెడిదేమో. ఆ యువకుడు బ్రతికినాడు, నేడు ఇద్దరు బిడ్డల తండ్రి. కానీ నా వద్ద గడచిపోయిన పదకొండు నెలలను అతనికి తిరిగి ఇవ్వగలవారు ఎవరూ లేరు.

వ్యాధి యేది?

అతనికి ఉన్నది అల్సరేటివ్ కొలైటిస్. అనగా పెద్దపేగు లోపలి పొర శోథ చెంది, పుండ్లు పడి, నెత్తురు కారు వ్యాధి. 1859లో లండన్ వైద్యుడు శామ్యూల్ విల్క్స్ దీనిని విడిగా గుర్తించినాడు. దీనికి తోబుట్టువు వంటిది క్రోన్స్ వ్యాధి. 1932లో న్యూయార్కులో బరిల్ క్రోన్, లియోన్ గింజ్‌బర్గ్, గోర్డన్ ఓపెన్‌హైమర్ అను ముగ్గురు వైద్యులు దీనిని వర్ణించినారు. ఇది నోటి నుండి గుదము వరకు ఎక్కడనైనా రావచ్చును. చిన్నపేగు చివరి భాగమంటే దీనికి మక్కువ ఎక్కువ. పేగు గోడ మందమంతటినీ తొలిచి, దారి ఇరుకు చేయును, భగందరముల వంటి రంధ్రములు పెట్టును. ఈ రెంటినీ కలిపి ఐ.బి.డి. అందురు. శరీరమును కాపాడవలసిన రక్షణ శక్తి, పేగులోని సూక్ష్మజీవులతో పొత్తు చెడి, పేగు మీదనే తిరుగబడుట వీనిలో ప్రధానమైన విషయము.

ఇచ్చట ఒక గందరగోళమును తొలగించవలెను. ఐ.బి.యస్. అను మరియొక వ్యాధి కలదు. దానిలో కడుపు నొప్పి, ఉబ్బరం, విరేచనాలో మలబద్ధమో ఉండును. పేగులో పుండు ఉండదు, నెత్తురు పడదు. బాధపెట్టును గాని పేగును కొరికివేయదు. రెండు పేర్లకూ నడుమ ఒక్క అక్షరమే తేడా గనుక, దానికి పనిచేసిన చిట్కా దీనికీ పనిచేయునని జనులు భ్రమపడుచున్నారు.

మరి మన గ్రహణి యేది? చరక సంహిత చికిత్సా స్థానం 15వ అధ్యాయం గ్రహణి చికిత్సకే ఉద్దేశింపబడినది. అగ్నికి ఆధారమై, ఆమాశయ పక్వాశయముల నడుమ నుండు గ్రహణి దుష్టి చెందినచో, అన్నము పచ్చిగానో, పక్వమై దుర్గంధముతోనో, ఒకప్పుడు గట్టిగా ఒకప్పుడు పలుచగా పడునని ఆచార్యులు చెప్పినారు. ఆ వర్ణనలో ఐ.బి.యస్. ఇమిడియున్నది, క్రోన్స్ వ్యాధిలో కొంత ఇమిడియున్నది, పేగుల క్షయ కూడా ఇమిడిపోవును. అల్సరేటివ్ కొలైటిస్ లక్షణములు రక్తాతిసార, ప్రవాహికలలో కానవచ్చును. కావున "ఐ.బి.డి. అనగా మన గ్రహణియే, మన పెద్దలకు అన్నీ తెలుసు" అని సభలలో చెప్పు సోదర వైద్యులతో నేను ఏకీభవింపజాలను. గ్రహణి అనునది ఒక పెద్ద మండువా ఇల్లు. అందులో ఏ గదిలో నిప్పు అంటుకొన్నదో చూడకుండా అన్ని గదులలో ఒకే నీరు చల్లుట వైద్యము కాదు.

పల్లెలు తప్పించుకొనలేదు

ఇది దొరల రోగమనీ, పట్నాలలో పిజ్జాలు తినువారి రోగమనీ నేను చాలాకాలం నమ్మినాను. హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీ వైద్యులు 2023లో ప్రకటించిన అధ్యయనం ఆ నమ్మకమును తీసివేసినది. పేగు సంబంధమైన బాధలున్న 30 వేల మందికి పైగా జనులను వారు పరీక్షించినారు. గ్రామాలకు పరీక్షా పరికరములున్న వాహనమును కూడా తీసుకొనిపోయినారు. బాధలున్న ప్రతి వందమందిలో ఐదుగురికి పైగా ఐ.బి.డి. బయటపడినది. పట్టణవాసులకూ గ్రామీణులకూ నడుమ ఆ లెక్కలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. అనగా, మన పల్లెలలో మూలశంక అనీ, వేడి చేసినదనీ, జిగట విరేచనాలనీ నాటు మందులతో ఏండ్లు గడుపుచున్న వారిలో ఈ వ్యాధి దాగియున్నది. నా నేత పిల్లవాడు ఒంటరివాడు కాడు.

సూక్ష్మజీవులు చెప్పు కథ

పరిశోధనలలో నన్ను మిక్కిలి ఆకర్షించినది పేగులలోని సూక్ష్మజీవుల కథ. 2008లో ఫ్రాన్సు దేశపు పరిశోధకులు, క్రోన్స్ రోగుల పేగులో ఫీకాలీబ్యాక్టీరియం ప్రాస్నిట్జి అను ఒక సూక్ష్మజీవి తగ్గిపోయియున్నదని కనుగొన్నారు. అది శోథమును అణచు స్వభావము గలది. మనము తిను పప్పులు, కాయగూరలు, ముడిధాన్యములలోని పీచును పులియబెట్టి, ఇది బ్యూటిరేట్ అను పదార్థమును తయారుచేయును. పెద్దపేగు లోపలి కణములకు ముఖ్యాహారము అదే. ఆ పేరే వెన్నను తెలుపు లాటిన్ మాట నుండి వచ్చినది, చెడిన వెన్న వాసన దానిదే. వెంటనే "అందుకే మనవారు నెయ్యి తినమన్నారు" అని గంతులు వేయనక్కరలేదు. తిన్న నెయ్యి చిన్నపేగులోనే జీర్ణమగును. పెద్దపేగుకు బ్యూటిరేట్ కావలెనన్నచో పీచు అక్కడిదాకా చేరవలెను, దానిని పులియబెట్టు జీవులు అక్కడ ఉండవలెను.

2015లో వెలువడిన మరియొక పరిశోధనలో, నిలువ ఆహారములు విడిపోకుండా చిక్కగా ఉండుటకు కలుపు కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, పాలిసార్బేట్ 80 అను రెండు పదార్థములను ఎలుకలకు ఇచ్చి చూచినారు. పేగు గోడను కాపాడు జిగురు పొర పలుచబడినది, సూక్ష్మజీవులు గోడకు దగ్గరగా జరిగినవి, శోథ పుట్టినది. ఎలుకలలో కనిపించినదంతా మనిషిలో జరుగునని నేను చెప్పుట లేదు. అయితే పొట్లములలో వచ్చు తిండిని రోగి మానుకొనుట వలన అతనికి పోవునది ఏమీ లేదు.

2022లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యుల ఆధ్వర్యంలో జరిగిన పరిశోధన ఇంకను విశేషమైనది. ఆరోగ్యవంతులైన గ్రామీణుల మలము నుండి సిద్ధపరచిన ద్రవమును, వారానికొకమారు చొప్పున ఏడుమార్లు, అల్సరేటివ్ కొలైటిస్ రోగుల పెద్దపేగులోకి ఎక్కించినారు. వారికి శోథహరమైన ఆహారమును నియమించినారు. ఎనిమిది వారములకు ఈ పద్ధతిలో వందకు 60 మందికి వ్యాధి శాంతించగా, మామూలు మందుల పద్ధతిలో వందకు 32 మందికి శాంతించినది. శాంతించిన వారిలో ఆ ఆహార నియమమును సంవత్సరము వరకు పాటించినవారు మెరుగుగా నిలిచినారు. గ్రామీణుల పేగు సంపద పట్నవాసులకు మందైనది! ఆహారమును మందుతో సమానముగా తూచి చూచిన ఈ పద్ధతిని చూచి నేను సంతోషించినాను. చిన్నపిల్లల క్రోన్స్ వ్యాధికి కొన్ని వారములపాటు ప్రత్యేకమైన ద్రవాహారము మాత్రమే ఇచ్చి వ్యాధిని శాంతింపజేయుట నేడు పాశ్చాత్యులలో మొదటి చికిత్సగా నిలిచినది. పథ్యమన్న మాటను విని ఒకప్పుడు నవ్విన వైద్యులు నేడు దానిని కొలతలతో నేర్చుచున్నారు.

మజ్జిగ, పసుపు, నీలి

మన వంటింటి వస్తువుల సంగతి చూతము.

మజ్జిగను గ్రహణికి పరమ పథ్యమని చరకుడు చెప్పినాడు. అర్శో చికిత్సలో వెన్న పూర్తిగా తీసినది, సగము తీసినది, తీయనిది అని మూడు విధములుగా విభజించి, అగ్నిబలమును బట్టి ఇమ్మన్నాడు. 20వ శతాబ్ది ఆరంభములో మెచ్నికాఫ్ అను రష్యా శాస్త్రజ్ఞుడు పులిసిన పాలలోని జీవులు ఆరోగ్యకరములని ప్రచారము చేసినాడు. 2009లో మనదేశంలోనే జరిగిన ఒక పరీక్షలో, ఎనిమిది రకముల మేలుచేయు సూక్ష్మజీవుల మిశ్రమమును స్వల్ప, మధ్యమ తీవ్రత గల అల్సరేటివ్ కొలైటిస్ రోగులకు ఇచ్చినారు. పన్నెండు వారములకు మందు తీసుకొన్నవారిలో 42.9 శాతం మందికి, ఉత్తుత్తి మందు తీసుకొన్నవారిలో 15.7 శాతం మందికి వ్యాధి శాంతించినది. క్రోన్స్ వ్యాధిలో ఇట్టి ఫలితము స్థిరపడలేదు. 2020లో అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం ఐ.బి.డి.లో ఈ మిశ్రమములను పరిశోధనలకే పరిమితము చేయుమని సలహా ఇచ్చినది. కాబట్టి మజ్జిగ మంచి పథ్యము. పుండ్లు మాన్పు మందని మాత్రము నేను చెప్పను.

పై లెక్కలో ఆ 15.7 శాతమును పాఠకులు మరియొకమారు చూడవలెను. మందు లేకయే ఆరుగురిలో ఒకరికి వ్యాధి శాంతించినది. తనంతట తాను తగ్గుట, మరల పెచ్చు పెరుగుట ఈ వ్యాధి స్వభావము. తగ్గు వేళకు చేతిలో ఏ మందున్నదో ఆ మందుకే కీర్తి దక్కును. మొదటి మూడు వారములలో నాకు దక్కిన అరటి గెల అటువంటిదే కావచ్చును.

పసుపు విషయము చూడుడు. 2006లో జపానులో, రోజుకు రెండు గ్రాముల కర్కుమిన్‌ను మామూలు మందులతో కలిపి ఆరు నెలలు ఇచ్చినప్పుడు, వ్యాధి తిరుగబెట్టుట తగ్గినది. 2015లో ఇజ్రాయెల్ వైద్యుల నాయకత్వాన జరిగిన పరీక్షలో, రోజుకు మూడు గ్రాముల కర్కుమిన్‌ను మెసలమీన్ అను మందుతో కలిపి ఇచ్చినప్పుడు, నెలలోనే సగము మందికి పైగా వ్యాధి శాంతించినది. కానీ 2017లో మన ఎయిమ్స్ వైద్యులు రోజుకు 450 మిల్లీగ్రాములు ఇచ్చి చూచినప్పుడు లాభము కనబడలేదు. మోతాదు ఎంత ముఖ్యమో గ్రహింపుడు. పసుపులో కర్కుమిన్ నూటికి కొద్ది పాళ్లే ఉండును. పాలలో చిటికెడు పసుపు వేసుకొని, పరిశోధనలో చెప్పిన మందు తీసుకొన్నామనుకొనుట ఆత్మవంచన. లాభము కనబడిన ఆ రెండు చోట్లా పసుపు సత్తువ మామూలు మందుకు తోడుగా నిలిచినదే గాని, దానిని తోసి తాను కూర్చుండలేదు.

నీలి కథ ఇంకను గంభీరమైనది. నీలి మొక్కల ఆకుల నుండి తీయు పొడిని చీనా, జపాను దేశములలో మందుగా వాడుదురు. 2018లో ప్రకటితమైన జపాను పరీక్షలో, దానిని ఎనిమిది వారములు తీసుకొన్న అల్సరేటివ్ కొలైటిస్ రోగులలో నలుగురికి దాదాపు ముగ్గురు చొప్పున మెరుగైనారు. ఇంతటి ఫలితము కొత్త మందులకు కూడా అరుదు. అయినను ఆ పరీక్షను మధ్యలోనే ఆపివేసినారు. బయట సొంతముగా ఆ పొడిని కొని వాడిన ఒక రోగికి ఊపిరితిత్తుల రక్తనాళములలో పీడనము ప్రమాదకరముగా పెరిగినట్లు వార్త వచ్చినందున, 2016లో జపాను ప్రభుత్వము హెచ్చరిక జారీచేసినది. మూలికకు శక్తి యున్నచో ఆపదకూ శక్తి ఉండును. "ఆకు మందు, హాని లేదు" అనువాడు ఆకునూ ఎరుగడు, మందునూ ఎరుగడు. పర్పటుల వంటి రసౌషధముల గురించి వేరుగా చెప్పనేల? వానిలో పాదరసము కలదు. అంగడిలో అడిగి కొని వాడదగినవి కావు.

ఆలస్యము వలన పోవునది

ఇప్పుడు నా మనసును కలచివేసిన పరిశోధనకు వచ్చుచున్నాను. కేంబ్రిడ్జి వైద్యుల నాయకత్వాన బ్రిటనులో జరిగి 2024లో ప్రకటింపబడినది. కొత్తగా క్రోన్స్ వ్యాధి బయటపడిన 386 మందిని రెండు వర్గములు చేసినారు. ఒక వర్గమునకు ఆరంభములోనే బలమైన మందు ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను, రక్షణ శక్తిని అదుపు చేయు మరియొక మందుతో కలిపి ఇచ్చినారు. రెండవ వర్గమునకు వ్యాధి ముదిరిన కొలది మెట్టు మెట్టుగా మందు పెంచినారు. సంవత్సరము నాటికి మొదటి వర్గములో 79 శాతం మంది స్టీరాయిడ్లు గాని, శస్త్రచికిత్స గాని లేకుండ శాంతముగా ఉన్నారు. రెండవ వర్గములో అట్లున్నవారు 15 శాతం. ఉపద్రవముల వలన పొట్ట కోయవలసి వచ్చినది మొదటి వర్గములో ఒక్కరికి, రెండవ దానిలో పదిమందికి.

రెండవ వర్గము వారు మందు లేనివారు కారు. మంచి ఆసుపత్రులలో, మంచి వైద్యుల చేతిలో ఉన్నవారే. కొద్ది నెలల తాత్సారమే అంత తేడా చేసినది. ఇక పరీక్షయే లేక, పేరే తెలియక, కషాయములతో ఏడాది గడిపినవాని గతి ఏమి? ఆలస్యం అమృతం విషం అని మన పెద్దలు ఊరకే అనలేదు. సరియైన వేళ అమృతమైన మజ్జిగయే, ఆలస్యానికి ముసుగైనప్పుడు విషమగును.

పరీక్ష కూడా నేడు అంత భయంకరమైనది కాదు. మలములో కాల్‌ప్రొటెక్టిన్ అను పదార్థమును కొలిచినచో పేగులో శోథ ఉన్నదీ లేనిదీ చాలవరకు తెలియును. ఐ.బి.యస్.లో అది సాధారణముగా పెరగదు. అంటువ్యాధుల వలనను, నొప్పి మాత్రల వలనను పెరుగవచ్చును గనుక, పెరిగినచో కొలనోస్కోపీ చేసి, చిన్న ముక్క తీసి చూచెదరు. మన దేశంలో ఇది మరింత అవసరము. పేగుల క్షయ అచ్చముగా క్రోన్స్ వ్యాధి వలె కనబడును. క్షయను క్రోన్స్ అనుకొని స్టీరాయిడ్లు ఇచ్చినచో క్షయ విజృంభించును. మలమును నీటిలో వేసి చూడమన్న మా గురువుగారు నేడు ఉన్నచో, ఈ పరీక్షను చూచి ముచ్చటపడెడివారు. ఆయన అడిగిన ప్రశ్ననే ఇది మరింత సూక్ష్మముగా అడుగుచున్నది.

ఇరువైపులవారికి నా మనవి

ఇట్లు వ్రాసినందుకు కొందరు సోదర వైద్యులు నన్ను శాస్త్రద్రోహి యనవచ్చును. వారికి నా సమాధానము శాస్త్రములోనే కలదు. గుల్మము పక్వమైనప్పుడు అది ధన్వంతరి సంప్రదాయపు శస్త్రవైద్యుల అధికారమని కాయచికిత్సకు పెద్దయైన చరకుడే ఒప్పుకొన్నాడు. సాధ్యాసాధ్యములను ఎరుగక చికిత్సకు పూనుకొన్న వైద్యుడు ధనమును, విద్యను, కీర్తిని పోగొట్టుకొనునని సూత్రస్థానములో హెచ్చరించినాడు. ఇతరుల వద్దకు రోగిని పంపుట మనకు అవమానమని చరకుడు అనుకొనలేదు. 2004లో నేనొక్కడనే అనుకొన్నాను.

అల్లోపతి వైద్యులకు కూడా ఒక మాట. మీ ఎదుట కూర్చున్న రోగి ఏమి తినుచున్నాడు, ఏ కషాయము త్రాగుచున్నాడు అని కోపము లేకుండ అడుగుడు. "ఆయుర్వేదమా, పో అవతలికి" అన్నచో రోగి ఆయుర్వేదమును మానడు, మీకు చెప్పుట మానును. ఏ మూలిక మీ మందుతో కలిసి ఏమి చేయుచున్నదో అప్పుడు మీకూ తెలియదు, మాకూ తెలియదు. నేడు నా వద్దకు వచ్చు ఐ.బి.డి. రోగుల వైద్యునికి నేనేమి ఇచ్చుచున్నానో చీటీ వ్రాసి పంపుచున్నాను. కొందరు చించివేసినారు. కొందరు జవాబు వ్రాసినారు. ఆ రెండవ తెగవారు ఏడాదికేడాది పెరుగుచున్నారు.

పాఠకులు గుర్తుంచుకొనవలసినవి

మలములో నెత్తురు, రాత్రి నిద్ర లేపు విరేచనము, కారణము లేని బరువు తగ్గుదల, విడువని జ్వరము, రక్తహీనత, గుదము చుట్టూ చీము కారు రంధ్రములు, పిల్లలలో ఎదుగుదల ఆగుట – వీనిలో ఏ ఒక్కటి ఉన్నను, చిట్కాలు ప్రక్కన పెట్టి, జీర్ణకోశ వైద్యుని చూడవలెను. ఈ పత్రికలో నేను వ్రాసిన చిట్కాలు కూడా అందులో చేరును.

వ్యాధి నిర్ధారణయై మందులు వాడుచున్నవారు, శాంతముగా ఉన్నదని వానిని తమంతట మానరాదు. ముఖ్యముగా స్టీరాయిడ్లను హఠాత్తుగా ఆపినచో ప్రాణాపాయము కలుగవచ్చును. స్టీరాయిడ్ అనగానే విషమని భయపడువారు కూడా ఒకటి తెలిసికొనవలెను. 1955లో ఆక్స్‌ఫర్డు వైద్యులు దాని ఉపయోగమును నిరూపించకముందు, తీవ్రమైన అల్సరేటివ్ కొలైటిస్ వచ్చినవారిలో అనేకులు మరణించెడివారు. దానిని ఎక్కువకాలము వాడరాదు, అవసరమైన వేళ వదలరాదు.

పెద్దపేగులో ఎక్కువ భాగమునకు వ్యాధి ఉన్నవారు, మొదలైన ఎనిమిదేండ్ల తరువాత పుట్టకురుపు పుట్టినదేమో చూచుటకు వైద్యుడు చెప్పిన వ్యవధిలో కొలనోస్కోపీ చేయించుకొనుచుండవలెను. క్రోన్స్ రోగి చుట్ట, బీడీ, సిగరెట్లను నేడే మానవలెను. పొగ ఆ వ్యాధికి ఆజ్యము వంటిది. ఒళ్లు నొప్పుల మాత్రలు అంగడిలో కొని మింగరాదు.

పేగు మండుచున్న వేళ పచ్చి కూరలు, వేపుళ్లు, కారములు మాని, మెత్తని పాతబియ్యపు అన్నం, పెసరకట్టు, తొక్క తీసి ఉడికించిన సొరకాయ, బీరకాయ తీసుకొనవలెను. పాలు పడనివారు పలుచని మజ్జిగ త్రాగి, పడినచో కొనసాగించవచ్చును. శాంతించిన తరువాత పప్పులు, కూరలు, ముడిధాన్యములు కొద్దికొద్దిగా పెంచవలెను. పేగు ఇరుకైనదని వైద్యుడు చెప్పినవారు మాత్రము పీచు విషయములో అతని మాటనే పాటించవలెను. మనోవ్యథను తగ్గించుకొనుట, వేళకు నిద్రించుట, వేళకు భుజించుట – ఇవి మా వద్ద ఉచితముగా దొరకు మందులు.

ఆ నేత కుటుంబము నేటికీ నా ఊరికి దగ్గరనే ఉన్నది. నిరుడు సంక్రాంతికి ఆ తండ్రి తన చెల్లెలి కుమార్తెను వెంటబెట్టుకొని నా వద్దకు వచ్చినాడు. అమ్మాయికి పదిరోజులుగా నెత్తురు విరేచనాలు. నా మీద ఇంకను నమ్మకముంచిన ఆ పెద్దమనిషిని చూచి నాకు సిగ్గు కలిగినది. నాడి చూచినాను, పథ్యము చెప్పినాను, కాగితము తీసి పట్నంలోని వైద్యునికి చీటీ వ్రాసినాను.

"ముందు అక్కడికి వెళ్లండి. మలం చూపించండి, గొట్టం వేయాలంటే వేయించండి. తర్వాత నా దగ్గరికి రండి" అన్నాను.

"ఎప్పుడు పోమంటారు అయ్యగారూ?"

"ఈ పూటే."